ఏడో నంబరు పంపు రంగు

పిడి ఎంత కొట్టినా గాలి తప్ప నీళ్ళు రావడం లేదని పొద్దున్నే ముగ్గురు వచ్చి చెప్పారు. తోలు వాషరు అరిగిపోయి ఉంటుందని నాకు తెలుసు. తొమ్మిదేళ్ళుగా మా వీధి చేతిపంపుకి నేనే దిక్కు. విదేశం నుంచి వచ్చిన సాయంతో మా పేటలో పన్నెండు పంపులు వేసినప్పుడు, పంపుకో ఆడమనిషిని పిలిచి మూడు రోజులు పని నేర్పారు. చేతికో ఇనపపెట్టె ఇచ్చారు. అందులో రెండు పానాలు, గ్రీజు డబ్బా, వాషర్లు, మరమ్మతు చెప్పే చిన్న పుస్తకం. మాది ఏడో నంబరు పంపు. ఆ రోజు నుంచి నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. పెద్దా చిన్నా అందరికీ పంపక్కనే.

ఆ పంపు అంటే నాకు ప్రాణం. అది రాకముందు మేము చెరువు నీళ్ళు తాగేవాళ్ళం. నా మొదటి బిడ్డ రెండేళ్ళప్పుడు ఒక్క రోజులోనే వాంతులూ విరేచనాలతో చేతుల్లోనే చల్లబడిపోయింది. పంపు వచ్చాక మా వీధిలో పసిపిల్లలెవరూ అలా పోలేదు. అందుకే వారానికోసారి దానికి తలంటినట్టు తోమేదాన్ని.

పెట్టె తెచ్చి వసారాలో పెట్టాను. మా కోడలు అక్కడే కుట్టుమిషను దగ్గర కూర్చుని జాకెట్టు చేతులు అతుకుతోంది. దానికి ఐదో నెల. మావాడు లారీ మీద పోతే పది రోజులకు గానీ ఇల్లు చేరడు. ఇంట్లో మేమిద్దరమే.

"పుస్తకం కూడా తీశారేంటత్తయ్యా? కళ్ళు మూసుకుని మారుస్తారుగా వాషరు."

"ఇన్నాళ్ళూ బొమ్మలు చూశానే. ఏం రాశారో చూద్దామని."

"చదవండి, చదవండి. నిన్న సబ్బు కాగితం పూర్తయింది, మొన్న బస్సు బోర్డు పూర్తయింది. ఇంక ఇదొక్కటే మిగిలింది."

నవ్వాను. మా ఆయన పోయాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, సాయంత్రాలు పెద్దవాళ్ళకు చదువు చెప్పే బడికి వెళ్ళడం మొదలుపెట్టాను. యాభై ఎనిమిదో ఏట అఆలు. నాలుగు నెలలుగా కనబడ్డ ప్రతి అక్షరాన్నీ వదలకుండా చదువుతున్నాను, ఆకలిగొన్నవాడు విస్తరి నాకినట్టు. కానీ ఈ పెట్టె తెరవలేదు. పంపు చెడలేదు, తెరిచే పని పడలేదు.

పుస్తకం విప్పగానే మధ్యలోంచి ఒక మడత కాగితం జారిపడింది. దాన్ని నేనే పెట్టానని గుర్తుంది. ఎప్పుడో ఎవరో ఇచ్చారు. అచ్చు కాగితం కదా, పారేయకూడదని దాచాను. పైన పెన్నుతో ఏదో రాసి ఉంది. వేలు పెట్టి కూడబలుక్కున్నాను.

పంపు నంబరు ఏడు. ఎరుపు.

కింద అచ్చు. "కొన్ని చోట్ల భూమి లోపలి పొరల్లోంచి విషం నీళ్ళలో కలుస్తుంది. ఆ నీళ్ళు తేటగా ఉంటాయి. రంగు, వాసన, రుచి మారవు. కాచినా విషం పోదు. విషం ఉన్న పంపు మూతికి ఎరుపు రంగు వేశాం. లేని పంపుకి ఆకుపచ్చ రంగు వేశాం. ఎరుపు పంపు నీళ్ళు తాగవద్దు. వంటకు వాడవద్దు."

మళ్ళీ చదివాను. తప్పు చదివానేమో అనుకున్నాను. 'వద్దు'ని 'వచ్చు' అని చదివినందుకు బడిలో పంతులమ్మ ఒకసారి నవ్వింది. కానీ ఇప్పుడు ఎన్నిసార్లు చూసినా అది వద్దుగానే ఉంది.

తలెత్తి వీధిలోకి చూశాను. మా పంపు మూతి ఆకుపచ్చగా మెరుస్తోంది.

ఆ పచ్చ వేసింది మేమే.

ఆరేళ్ళ కిందట పెళ్ళిచూపుల్లో కోడల్ని చూసుకోవడానికి నేనూ ఆయనా పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాం. సాయంత్రం తిరిగొచ్చేసరికి పంపు మూతికి ఎర్రగా రంగు పూసి ఉంది. ఎదురింటి రేడియో తాత ఈ కాగితం చేతికిచ్చాడు. ఆయనకు రేడియో ఉంటే ఇల్లు కాలుతున్నా తెలియదు. "ఎవరో ఇద్దరు సీసాలు పట్టుకుని వచ్చారమ్మా. నీళ్ళు సీసాలో పోసి ఊపారు, రంగు పూశారు. ఇవాళ్టికి పొద్దుపోయింది, మీ వీధికి మళ్ళీ వచ్చి మీటింగు పెట్టి చెప్తామన్నారు," అన్నాడు. అప్పటికి మా ఇంట్లో ఎవరికీ చదువు రాదు, మేము మీటింగు కోసం ఎదురుచూశాం.

ఈలోగా ప్రాజెక్టు సారు వచ్చాడు. జీపు దిగలేదు. "శుక్రవారం సాయం చేసిన దేశం నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. పంపు అద్దంలా ఉండాలి, పంపక్కా," అని కేకేసి పోయాడు. నాకు ఆ ఎరుపు కంట్లో నలుసులా ఉంది. మూతికి సగమే పూశారు, అదీ కారి ఎండిపోయింది, ముక్కులోంచి నెత్తురు కారినట్టు. కిరసనాయిలూ పీచూ పెట్టి అరచేతులు మండేదాకా తోమాను. మా ఆయన గోడలకు రంగులు వేసే మనిషి. ఏదో బడి కిటికీలకు వేయగా మిగిలిన పచ్చరంగు అర డబ్బా ఇంట్లో ఉంది. "నీ సవతికి నేను పట్టుచీర కడతాను చూడు," అంటూ కూర్చుని, పెళ్ళికూతురికి గోళ్ళరంగు వేసినంత శ్రద్ధగా రెండు పూతలు వేశాడు.

శుక్రవారం వాళ్ళు వచ్చారు, చప్పట్లు కొట్టారు, పంపు పక్కన నన్ను నిలబెట్టి ఫోటో తీశారు. ఆ ఫోటో ఇప్పటికీ మా గోడ మీద ఉంది. ఆ తర్వాతి నెలకే మూడేళ్ళ ప్రాజెక్టు అయిపోయిందని ఆఫీసు మూసేశారు. మీటింగు పెట్టేవాళ్ళు రాలేదు. దాన్ని మేము మరిచిపోయాం.

కాగితంలో ఇంకా ఉంది. చదవడానికి భయమేసింది, అయినా వేలు దానంతటదే ముందుకు పోయింది. "ఈ విషం వెంటనే తెలియదు. కొన్నేళ్ళకు ఛాతీ మీద నల్లమచ్చలు వస్తాయి. అరచేతుల్లో, అరికాళ్ళలో గట్టి కాయలు కాస్తాయి."

మా ఆయన అరచేతులు ఆఖరి రోజుల్లో కాకరకాయ తొక్కలా ఉండేవి. "ముప్పై ఏళ్ళు గరుకుకాగితం పట్టిన చేతులే ఇవి, మల్లెపూలలా ఉంటాయా," అనేవాడు. నా చెంప మీద చెయ్యి వేయబోయి, గుచ్చుకుంటుందని వెనక్కి తీసుకునేవాడు. ఛాతీ మీద మచ్చలు చూసి రంగు పడిందేమోనని నేనే సబ్బు పెట్టి రుద్దాను. లోపల కాలేయం పాడైందన్నాడు డాక్టరు. తాగుతాడా అని అడిగాడు. ఒక్క చుక్క ముట్టడు, నీళ్ళు తప్ప ఏమీ తాగడు అని నేను గర్వంగా చెప్పాను. జబ్బు పడ్డాక నీళ్ళు బాగా తాగాలని, గంటగంటకూ గ్లాసు నింపి నోటికి అందించింది నేనే.

మిషను ఆగింది. కోడలు చెప్పు విడిచి, ఎడమ పాదం కుడి మోకాలి మీద పెట్టుకుని నలుపుకుంటోంది.

"ఏమైందే?"

"ఎప్పుడూ ఉండేదే అత్తయ్యా. తొక్కీ తొక్కీ కాయలు కాశాయి. మిషను వాడికి చెప్పి పరుపేసిన పెడలు చేయించుకోవాలి." నవ్వి, పక్కనున్న గ్లాసు అందుకుంది.

గ్లాసు మీద చెయ్యి వేసి లాగేశాను. నీళ్ళు జాకెట్టు బట్ట మీద పడ్డాయి.

"అయ్యో, ఇది పక్కింటివాళ్ళది. మరక పడితే నన్ను కుట్టేస్తారు." నా ముఖం చూసి ఆగిపోయింది. "ఏంటత్తయ్యా?"

దాని కాలు నా ఒళ్ళోకి తీసుకున్నాను. అరికాలు నిండా బఠాణీ గింజలంత కాయలు. కుడికాలు కూడా అంతే. మిషను మీద అది ఎడమ కాలే వాడుతుంది. నేను రోజూ చూస్తూనే ఉన్నాను. చూడటం వేరు, కనబడటం వేరు.

కాగితం దానికిచ్చాను. అది నాలా కూడబలుక్కోనక్కరలేదు, ఒక్క చూపులో చదివేసింది. ఒక చెయ్యి పొట్ట మీదికి పోయింది.

"ఇది ఎప్పటిది?"

"నిన్ను చూసుకోవడానికి వచ్చిన రోజుది."

అది కాగితం మళ్ళీ మొదటి నుంచి చదివింది.

అప్పుడే వెనక వీధి ఇస్త్రీ వదిన రెండు బిందెలతో వచ్చింది. వాళ్ళ వీధిలో ఎనిమిదో నంబరు పంపు వాళ్ళ గుమ్మం ఎదురుగానే ఉంది. అయినా ఆరేళ్ళుగా దాన్ని దాటుకుని మా పంపుకే వస్తుంది. ఆమే కాదు, ఆ వీధి మొత్తం వస్తుంది. నేను తోమి పెట్టుకుంటాను కాబట్టి మా నీళ్ళు తియ్యగా ఉంటాయని, అందుకే వస్తారని నా గొప్ప.

"పంపక్కా, బాగయిందా? మడతలన్నీ నీళ్ళు చల్లక ఎండిపోతున్నాయి."

"వదినా, ఒక మాట అడుగుతాను. నీ గుమ్మం ముందు పంపు వదిలేసి ఇంత దూరం ఎందుకొస్తావు?"

నన్ను వింతగా చూసింది. "భలే అడిగావు. మాది ఎరుపు కదా. రంగులేసినవాళ్ళు మా వీధిలో ఇంటింటికీ చెప్పిపోయారు, తాగితే చస్తారని. మీది పచ్చ. పచ్చ చూసే కదా వస్తున్నాం."

ఎరుపు తెలిసినవాళ్ళు తమ పంపు మానేసి, మేము వేసిన పచ్చను నమ్మి, ఎండలో బిందెలు మోసుకుని ఈ విషం దగ్గరికే వచ్చారు. ఆరేళ్ళు. పిల్లల్ని చంకనేసుకుని.

కాగితం చూపించి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎర్రరంగు తోమింది నేనని, పచ్చ వేసింది ఆయనని. చెప్తుంటే ఇంకో నలుగురు పోగయ్యారు. రేడియో తాత మొదటిసారి రేడియో కట్టేసి బయటికొచ్చాడు.

"నాకేం చెప్పలేదమ్మా వాళ్ళు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "చెప్పారేమో. వార్తలొస్తున్నాయి అప్పుడు," అన్నాడు.

ఎవరో అన్నారు, "పోనీలే, ఇన్నేళ్ళు తాగాం, ఏమైంది?" ఒక్కొక్కరే తమ అరచేతులు తిప్పి చూసుకున్నారు.

ఇస్త్రీ వదిన అరచేతుల్లోనూ కాయలున్నాయి. ఇస్త్రీపెట్టె వల్ల అనుకుంది. ఆమె నన్ను తిట్టలేదు. "నీకు చదువొచ్చి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది.

"నాలుగు నెలలు."

"నాలుగు నెలలు," అంది. ఖాళీ బిందెలు చంకకెత్తుకుని వెళ్ళిపోయింది.

వాషరు మార్చలేదు. కొట్టుకి వెళ్ళి ఎర్రరంగు చిన్న డబ్బా కొన్నాను. ఆయన కుంచెలు అటక మీద ఉన్నాయి. గట్టిపడిన ఒకదాన్ని కిరసనాయిల్లో నానబెట్టి, అందరూ చూస్తుండగా, ఆయన వేసిన పచ్చ మీద ఎరుపు వేశాను. మూతికి, పిడికి, దిమ్మకు కూడా. కారినచోట తుడవలేదు. కోడలు గుమ్మంలో నిలబడి చూసింది. పూర్తయ్యాక బిందె తెచ్చి నా పక్కన పెట్టి, "కాగితం వెనక కూడా ఉంది అత్తయ్యా. పదకొండో నంబరు పచ్చ అట," అంది.

పదకొండో నంబరు మా పేట చివర, ఇటుకల బట్టీల దగ్గర. మైలు దూరం. బిందె చంకనేసుకుని నడిచాను. పంపు మూతి పచ్చగానే ఉంది. బిందె కింద పెట్టాను కానీ పిడి మీదికి చెయ్యి పోలేదు. దాన్ని చూసుకునేది నాతోపాటు పని నేర్చుకున్న ఇటుకల మనిషి. గుమ్మంలో కూర్చుని ఉంది.

"పంపక్కా, దారి తప్పావా?"

"ఈ రంగు ఎవరేశారు?"

"ఎవరేస్తారు? సీసాలవాళ్ళు."

"నువ్వు చూశావా? ఆ తర్వాత నువ్వు వేశావా?"

"ఏంటే నీ పోలీసు ప్రశ్నలు? నేనెందుకు వేస్తాను, నాకు ఇటుక రంగు ఒక్కటే తెలుసు."

"వాళ్ళు ఇచ్చిన కాగితం తియ్యి."

గొణుగుతూ లోపలికెళ్ళి ఇనపపెట్టె తెచ్చింది. నా పెట్టె లాంటిదే. పుస్తకం మధ్యలో అలాంటి మడత కాగితమే, ఇంతవరకు విప్పనిది. "నాకు చదువు రాదుగా, నువ్వే చూసుకో," అంది.

పంపు నంబరు పదకొండు. ఆకుపచ్చ. తాగవచ్చు.

'వచ్చు' అన్నచోట వేలు పెట్టి మూడుసార్లు చదివాను. అక్షరం అక్షరం ఆమెకు చూపించాను. తర్వాత పిడి కొట్టి బిందె నింపాను. ఎత్తుకునే ముందు దోసిలి పట్టి ఒక గుక్క తాగాను.

రుచి మా పంపు నీళ్ళలాగే ఉంది.