దుప్పటి రెండో కొస

మా కేంద్రంలో ఒక నియమం ఉంది. నేను పెట్టిందే. ఇంట్లో దెబ్బలు తిని ఇక్కడికి చేరిన ఆడమనిషి తనకు జరిగింది ఒక్కసారే చెప్పాలి. ఎవరికి చెబుతుందో ఆమె ఇష్టం. నాకు చెప్పొచ్చు, వంటమనిషికి చెప్పొచ్చు, గేటు దగ్గర కూర్చునే ఆమెకు చెప్పొచ్చు. విన్నవాళ్ళు దాన్ని రాసి ఫైలులో పెడతారు, కోర్టుకూ వాళ్ళే తోడు వెళతారు. ఇంకెవరూ ఆమెను రెండోసారి అడగకూడదు. అడిగినవాళ్ళకు మూడు నెలలపాటు ఎవరి మాటా వినే హక్కు లేదు.

పదకొండేళ్ళ క్రితం ఈ ఇల్లు తెరిచిన కొత్తలో ఒకామె వచ్చింది. అప్పటికే స్టేషనులో, ఆసుపత్రిలో, బంధువుల మధ్య ఏడుసార్లు చెప్పి వచ్చింది. నా ముందు కూర్చుని ఎనిమిదోసారి పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఎక్కడ ఆగి కళ్ళు తుడుచుకోవాలో కూడా ఆమెకు కంఠతా వచ్చేసింది. ఆ సాయంత్రమే నియమం రాసి గోడకు అంటించాను. తర్వాత ఒక కౌన్సెలరు అమ్మాయి మరిచిపోయి రెండోసారి అడిగితే, ఎంత బతిమాలినా వినకుండా వినే గది తాళంచెవి ఆమె దగ్గర తీసేసుకున్నాను. నెల తిరక్కుండా ఆమె ఉద్యోగం మానేసింది. నాకేమీ బాధ కలగలేదు. నియమం నిలబడిందని గర్వపడ్డాను.

ప్రతి ఫైలు మొదటి పేజీలో "విన్నవారు" అని ఒక గడి ఉంటుంది. మొదటి ఐదేళ్ళూ ఆ గడిలో దాదాపు అన్నిచోట్లా నా పేరే. మొన్న ఒక మధ్యాహ్నం ఆఫీసు తలుపు వేసుకుని ఈ ఏడాది ఫైళ్ళన్నీ దించి చూశాను. పదిహేడు. అందులో పద్నాలుగు దుప్పట్లక్కవి. రెండు వంటమనిషివి. ఒకటి నాది. ఆ ఒక్కటీ దుప్పట్లక్కకు జ్వరమొచ్చి పడుకున్న వారంలో వచ్చిన మనిషిది.

దుప్పట్లక్క మా ఇంట్లో బట్టలు ఉతికే మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద. ఆరేళ్ళ క్రితం దవడకు కట్టుతో తనూ ఇలాగే వచ్చింది. ఆమె కథ విన్నది నేనే. అప్పట్లో ఆమె నా గదిలో తప్ప నోరు విప్పేది కాదు. తర్వాత వెళ్ళడానికి వేరే చోటు లేక, వెళ్ళాలనీ లేక, ఉతికే పని తీసుకుని ఉండిపోయింది. నలుగురిలో నన్ను మేడమ్ అంటుంది. ఎవరూ లేకపోతే తల్లీ అంటుంది. ఆమె రాత చీమల బారులా ఉంటుంది. ఒత్తులు ఒక్కటీ సరైనచోట ఉండవు. అయినా నేను చదివిన మనస్తత్వశాస్త్రం పుస్తకాలన్నీ ఒక పక్కన, ఆమె ఉతికిన దుప్పట్లు ఒక పక్కన పెడితే మా ఆడవాళ్ళు దుప్పట్ల వైపే నడుస్తారు.

చిన్నప్పుడు మా అమ్మ తన కష్టం మా అక్కకు చెప్పుకునేది. గదిలోకి పిలిచి తలుపు మూసేది. నేను వెళితే, "చిన్నపిల్లవి నీకెందుకే, పోయి ఆడుకో," అనేది. నేను ఆడుకునేదాన్ని కాదు. తలుపుకు చెవి ఆనించి కూర్చునేదాన్ని. గొంతు వినిపించేది, మాటలు వినిపించేవి కావు. అక్క బయటికి వచ్చేసరికి ఆమె మొహం ఏదో ఒక పెద్దరికంతో బరువెక్కి ఉండేది. ఆ బరువు నాకు కావాలనిపించేది. నేను ఈ ఇల్లు ఎందుకు తెరిచానో నాకు తెలియకపోలేదు. తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారదు.

గొడుగమ్మాయి వచ్చింది ఎండలు మండిపోతున్న రోజుల్లో. చేతిలో ఒక సంచి, చంకలో ఒక నల్ల గొడుగు. మగవాళ్ళు పట్టుకునే పెద్ద గొడుగు, కొయ్య పిడిది. తిండికి కూర్చున్నా, పడుకున్నా పక్కనే. మా గేటు ఆమె, "వానెప్పుడొస్తుందో ఆ అమ్మాయికే ముందు తెలుసేమో," అని నవ్వి ఆ పేరు పెట్టేసింది.

తొమ్మిది రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. రోజూ ఉదయం రెండు కప్పుల టీ పట్టుకుని ఆమె మంచం పక్కన కూర్చునేదాన్ని. ఏమీ అడిగేదాన్ని కాదు. అడగకుండా కూర్చోవడం నాకు బాగా వచ్చిన విద్య. ఆమె టీ తాగి కప్పు నా చేతికిచ్చేది. ఎనిమిదో రోజున ఇస్తూ ఇస్తూ, "బాగుందండీ," అంది. ఆ ఒక్క మాటకే రోజంతా తేలిపోయాను. ఇంకొక్క రోజు, మహా అయితే రెండు, అనుకున్నాను.

పదో రోజున మంచం దగ్గర లేదు. వెతుక్కుంటూ డాబా మెట్లెక్కి సగంలో ఆగిపోయాను. పైన తీగల మీద దుప్పట్లు ఆరుతున్నాయి. దుప్పట్లక్క ఒక కొస, గొడుగమ్మాయి ఇంకో కొస పట్టుకుని మడత పెడుతున్నారు. ఇద్దరూ ఎదురెదురుగా నడిచి వచ్చి, వేళ్ళు తగిలేంత దగ్గరై, కొసలు కలిపి మళ్ళీ వెనక్కి జరుగుతున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. దుప్పటిని చూస్తే చాలు. గొడుగు పిట్టగోడకు ఆనించి ఉంది. ఆ అమ్మాయి దాన్ని వదలడం అదే మొదటిసారి. ఆమె పెదవులు కదులుతున్నాయి. గొంతు వినిపిస్తోంది. మాటలు వినిపించడం లేదు.

ఎంతసేపు అక్కడ నిలబడ్డానో నాకు తెలియదు. దిగి వచ్చి ఆ రెండు కప్పుల టీ నేనే తాగాను.

మధ్యాహ్నానికి కాగితం నా బల్ల మీదికి వచ్చింది. అర పేజీ. "నాలుగేళ్ళు కొట్టేడు. ఒకసారి చెయ్యి విరిగింది. ఆసుపత్రి చీటీ ఉంది, పెట్టాను. గొడుగు సంగతి చెప్పింది. రాయొద్దంది. రాయలేదు."

చివరి మూడు ముక్కలు ఎన్నిసార్లు చదివానో. కాగితం పట్టుకుని ఉతికే గదికి వెళ్ళాను.

"గొడుగు సంగతి రాయలేదేంటి?"

"రాయలేదని రాశాగా తల్లీ."

"సోమవారం కోర్టు. లాయరుకి పనికొచ్చేదేమో."

"పనికొచ్చేదైతే రాసేదాన్నే. చదువు లేదుగానీ బుర్ర లేకపోలేదు నాకు."

"పోనీ రాయకు. నాకైనా చెప్పొచ్చుగా?"

ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుని నా వైపు చూసింది. "నా సంగతి నువ్వు ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"మరి?"

అంతమాత్రం అని మళ్ళీ మిషను వైపు తిరిగింది. ఆ మాటలో కోపం లేదు. నన్ను తనలాంటిదానిగానే లెక్కేసుకుంది. ఆ సంగతి నాకు ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు మాత్రం, నేను చేతులు పట్టి నడక నేర్పిన మనిషి నాకే తలుపు మూసిందనిపించింది.

శనివారం లాయరు ఫోను చేసి మామూలుగానే అడిగాడు, ఇంకేమైనా ఉందా అని. "చూసి చెబుతాను," అన్నాను. చూసేదేమీ లేదు. కానీ నాకు కావలసిన సాకు దొరికింది. గొడుగమ్మాయిని వినే గదికి పిలిపించాను. రెండు కుర్చీలు, ఒక కిటికీ, నీళ్ళ సీసా ఉన్న గది అది. ఆమె గొడుగు ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది.

"సోమవారం కోర్టు కదమ్మా. చిన్న విషయం ఒకటి," అన్నాను. నా గొంతు నాకే తియ్యగా వినిపించింది. "ఆ గొడుగు..."

ఆమె చేతులు కొయ్య పిడి మీద బిగుసుకున్నాయి.

"అక్క చెప్పేసిందా?"

లేదు అనడానికి ఒక్క క్షణం చాలు. నేను అవుననలేదు. కాదనీ అనలేదు. ఫైలు మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుని కిటికీలోకి చూశాను. ఆ రెండు క్షణాలు నేను సుఖంగా ఉన్నాను. దాచుకోవడం ఎందుకు, నిజంగానే సుఖంగా ఉన్నాను.

"సరేలెండి," అని లేచింది. తలుపు దగ్గర ఆగి, నాతో కాదన్నట్టు, "ఆవిడా అంతేనన్నమాట," అని వెళ్ళిపోయింది.

గంట గడవకముందే గేటు ఆమె పరుగున వచ్చింది. "మేడమ్, గొడుగమ్మాయి సంచి సర్దేసింది. ఇంటికెళ్ళిపోతుందట. వాళ్ళాయనకి ఫోను కలపమని నా ప్రాణం తీస్తోంది. కలపనా, వద్దా?"

మేము ఎవరినీ తాళం వేసి ఆపం. అదీ నేను పెట్టిన నియమమే. ఈ సాయంత్రం వెళితే సోమవారం కోర్టు ఉండదు. ఆ నాలుగేళ్ళకు ఐదో ఏడు మొదలవుతుంది. ఈసారి విరిగేది చెయ్యే అని చెప్పడానికి లేదు. "ఒక్క ఐదు నిమిషాలు ఆగమను," అన్నాను.

మెట్లెక్కుతూ కూడా నా బుర్ర లెక్కలు వేస్తూనే ఉంది. దుప్పట్లక్క నోరు జారింది, వయసు మీద పడింది, క్షమించు, అనొచ్చు. అమ్మాయి మెత్తబడొచ్చు. నా వైపు తిరిగినా తిరగొచ్చు. ఆ వాక్యం పూర్తిగా తయారై నాలిక చివర ఉంది. గది గుమ్మంలో దుప్పట్లక్క నిలబడి ఉంది. చేతిలో సగం మడిచిన దిండు గలీబు.

"ఏమైందో చెప్పట్లేదు తల్లీ. నా మొహం కూడా చూడట్లేదు," అంది. నలుగురిలో ఆమె నన్ను తల్లీ అనడం అదే మొదటిసారి. తయారుగా ఉన్న వాక్యం అక్కడే ఆగిపోయింది.

అమ్మాయి మంచం మీద కూర్చుని ఉంది. చెప్పులు వేసుకుని, ఒళ్ళో సంచీ, చంకలో గొడుగూ.

"ఈవిడ నాకు ఏమీ చెప్పలేదు," అన్నాను. "నేనడిగితే చెప్పనంది. నువ్వు, అక్క చెప్పేసిందా అని అడిగినప్పుడు నేను నోరు మూసుకున్నాను. కావాలనే."

"ఎందుకు?"

"నువ్వు ఆవిడకి చెప్పావు. నాకు చెప్పలేదు. అందుకు."

గుమ్మం అవతల గేటు ఆమె, "హవ్వ!" అని నోటి మీద చెయ్యి వేసుకుంది.

"అంతేనా?" అంది అమ్మాయి.

"అంతే."

ఆమె నన్ను కుండ పగలగొట్టి వచ్చి నిలబడ్డ పిల్లను చూసినట్టు చూసింది. సంచి విప్పలేదు. కానీ కాసేపటికి వంగి, ఒకదాని తర్వాత ఒకటి, చెప్పులు విప్పి మంచం కిందికి తోసింది.

గది బయటికి వచ్చాక గుత్తిలోంచి వినే గది తాళంచెవి తీసి దుప్పట్లక్కకు ఇచ్చాను. ఫైలులో, రెండోసారి అడిగింది నేనేనని రాశాను.

"మూడు నెలలు," అన్నాను.

ఆమె తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూసింది. నా మీద మండిపడుతుందేమో అనుకున్నాను. మండిపడితే బాగుండేది. "నీ కర్ర నీకే తగిలిందన్నమాట," అంది. "సోమవారం నేను ఈ పిల్లతో కోర్టుకెళితే దుప్పట్లెవరు చూస్తారు?"

"నేను."

"వచ్చా నీకు?"

"నేర్చుకుంటాను."

"సరిగ్గా ఆరకుండా మడత పెట్టకు. ముక్కవాసనొస్తుంది," అని వెళ్ళిపోయింది. క్షమించానని అనలేదు. ఆ తర్వాత నన్ను తల్లీ అని కూడా అనలేదు.

సోమవారం ఉదయం డాబా మీదినుంచి వాళ్ళిద్దరూ వీధిలో నడిచి వెళ్ళడం చూశాను. మలుపు దగ్గర అమ్మాయి జుట్టు ముడి వేసుకోవడానికి గొడుగు దుప్పట్లక్క చేతికిచ్చింది. నా గుండెలో ఎవరో గిల్లినట్టయింది. ఆ గొడుగు ఎందుకు తెచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలియకుండానే ఉండిపోతుందని కూడా తెలుసు. నేను మారిపోయానని చెప్పను. ఆ రోజు చెప్పిన నిజంలో కూడా, ఆ అమ్మాయి నన్ను మెచ్చుకుంటుందేమోనన్న ఆశ ఎక్కడో మూల నక్కి ఉంది.

పెద్ద దుప్పటి ఒక్కరే మడత పెట్టడం ఎంత కష్టమో అప్పటిదాకా తెలియలేదు. ఒక కొస గడ్డం కింద నొక్కి పట్టుకుంటే ఇంకో కొస నేల మీద ఈడ్చుకుంటోంది. అలా అవస్థ పడుతుంటే ఎవరో వచ్చి ఆ కొస అందుకున్నారు. మూడు రోజుల క్రితం వచ్చిన ఆవిడ. నలభై ఏళ్ళుంటాయి. వచ్చినప్పటినుంచీ గోడ వైపు తిరిగి పడుకోవడమే.

ఇద్దరం దగ్గరికి నడిచాం. కొసలు కలిపాం. వెనక్కి జరిగాం. రెండు దుప్పట్లు అయ్యాయి. మూడో దానికి ఆమె వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి.

"మా ఇంట్లో దుప్పటి కదిలిన చప్పుడైతే చాలండీ," అంది, దుప్పటిని చూస్తూ. "నాకు..."

 చిన్నప్పటినుంచీ నేను చెవి ఆనించి కూర్చున్న తలుపు తెరుచుకుంటోంది.

"ఆగమ్మా," అన్నాను. "నాకు చెప్పకు."

ఆమె మొహం వాడిపోయింది. "ఏం, మీరు వినరా?"

"మూడు నెలలు వినకూడదు. తప్పు చేశాను. దుప్పట్లక్క సాయంత్రానికి వచ్చేస్తుంది. ఆవిడకి చెప్పు. బాగా వింటుంది." చివరి రెండు మాటలూ పళ్ళ మధ్యలోంచి వచ్చినట్టు వచ్చాయి.

 వెళ్ళిపోతుందనుకున్నాను.

"మాట్లాడకుండా మడత పెట్టొచ్చా మరి?"

"పెట్టొచ్చు."

"అయితే ఆ నీలం దుప్పటి అందుకోండి," అంది.

తీగ మీద ఇంకా పదకొండు దుప్పట్లున్నాయి. నీలందాని కొసలు పట్టుకుని ఆమె వైపు నడిచాను.