స్నానాలగది పక్క స్తంభం

జూన్‌లో వాన వెలిసిన సాయంత్రాలు జపాన్ దక్షిణాన మా రేవు ఊరు మకురజాకిలో ఎవరూ తొందరపడి దీపాలు వెయ్యరు. వేస్తే ఇల్లంతా ఉసిళ్ళే. ఆ ఏడు కియోనో ఇంట్లో దీపం వెయ్యకముందే వచ్చాయి. అదీ బయటినుంచి కాదు, స్నానాలగది గడప సందులోంచి, గిన్నెలో పాలు పొంగినట్టు పొంగుకొచ్చాయి. చీపురు కోసం పరిగెత్తబోతే ఆమె కాలు గడప చెక్కలోకి చీలమండ దాకా దిగబడిపోయింది.

కియోనో నాతోపాటే సూరచేపల్ని ఉడికించి పొగపెట్టి ఎండబెట్టే షెడ్డులో పనిచేసేది. యాభై దాటిన మనిషి. ఆ ఇల్లు ఆమె, మొగుడు మొరియో పాతది కొని బాగు చేసుకున్నది. మొరియో వడ్రంగి. విడిపోయినప్పుడు ఇల్లు ఆమెకి, పనిముట్లు అతనికి వచ్చాయి. రేవు అవతల చిన్న గది తీసుకుని ఉంటున్నాడు. ఎనిమిదేళ్ళుగా బజార్లో ఎదురుపడితే ఒక తల ఊపు, అంతే.

మర్నాడు చెదల మందు కొట్టేవాడు వచ్చాడు. సుత్తితో స్నానాలగది పక్క స్తంభం మీద కొట్టి చూశాడు. కింద డొల్ల మోత.

"పురుగుల్ని చంపుతానమ్మా. తిన్నదాన్ని మాత్రం కక్కించలేను" అన్నాడు. "పై దూలం మొత్తం ఈ స్తంభం మీదే ఉంది. తుఫాన్లు మొదలయ్యేలోగా ఇల్లు పడగొట్టించెయ్యండి."

కబురు విని వాళ్ళక్క హిదెకో పరిగెత్తుకొచ్చింది. "ఒంటిదానివి, నీకెందుకే ఇంత ఇల్లు? మా కింద వాటా ఖాళీగానే ఉంది, వచ్చెయ్."

"చెదలకి ఇల్లప్పజెప్పి నేనొచ్చి నీ కింద వాటాలో కూర్చోవాలా? పోవాల్సింది అవి, నేను కాదక్కా."

ఆ ఆదివారం కియోనో తిన్నగా మొరియో గదికి వెళ్ళింది. అతను ఉలి నూరుకుంటున్నాడు.

"నువ్వు కట్టిన స్నానాలగది నా ఇంటిని తినేసింది."

"నేను కట్టింది చుక్క కారదు" అన్నాడు తలెత్తకుండా.

"వచ్చి చూసి ఆ మాట చెప్పు."

"రాను. ఆ గడప తొక్కనని నీకప్పుడే చెప్పా."

"తొక్కడానికి గడపెక్కడుంది? చెదలు తినేశాయిగా. నేలకిందనుంచి పాక్కుంటూ రా."

మొరియోకి నవ్వొచ్చింది. నవ్వాక రానని భీష్మించుకోవడం కష్టం. ఉలి తుడిచి పక్కన పెట్టి లేచాడు.

కానీ అతని కుడి భుజం పట్టేసి ఉంది, ఇంటి చెక్క నేలకీ కింద మట్టికీ మధ్య ఉన్న సందులో పాకలేడు. టార్చిలైటు పట్టుకుని కియోనోయే దూరింది. బయట నేలమీద బోర్లా పడుకుని అతను చెబుతున్నాడు.

"పైపు అతుకు దగ్గర చెయ్యి పెట్టు. తడుందా?"

ఆమె తడిమి చూసింది. మళ్ళీ చూసింది. "లేదు."

"గట్టిగా చెప్పు, వినబడలేదు."

"పొడిగానే ఉంది! అయిందా?"

"అయింది. ఇప్పుడు చెదల మట్టి గీతలు ఎటు పోతున్నాయో చూడు."

పిల్లల వేలంత లావున మట్టి గీతలు పునాది రాళ్ళమీదుగా వెనక గోడవైపు పాకిపోయాయి. ఆమె బయటికొచ్చి ఇంటి వెనక్కి వెళ్ళింది. అక్కడ గోడకి ఆనించి, టార్పాలిన్ కప్పి, దేవదారు పలకల దొంతర ఉంది. మొరియో వెళ్ళిపోయినప్పుడు వదిలేసిన పలకలు. టార్పాలిన్ లాగితే పై పలక నానిన రొట్టెలా విరిగి పడింది. లోపలంతా తెల్లగా కదులుతోంది.

"నీ చెక్కలే" అంది కియోనో.

"ఇన్నేళ్ళూ నా చెక్కలకి దుప్పటి కప్పావా? పొయ్యిలో పెట్టుకోవచ్చుగా."

"నువ్వే వచ్చి మొయ్యాలని ఉంచా."

"నువ్వే కబురు పెట్టాలని నేనూ..." అని ఆగిపోయాడు.

కియోనో గొడ్డలి తెచ్చి దొంతరని పెరడు మధ్యకి లాగి నిప్పుపెట్టింది.

"దూలాన్ని జాకీలతో లేపి, స్తంభం కుళ్ళిన మేర కోసేసి, కొత్త పాదం అతకాలి" అన్నాడు మొరియో, పొగకి కళ్ళు చిట్లిస్తూ. "నా భుజం ఇలా ఉంది. ఎవరినైనా మనిషిని చూడాలి."

"చేపల బుట్టలు మోసే దాన్ని, నేను మనిషిలా కనబడట్లేదా?"

"రంపం పట్టడం బుట్ట మొయ్యడం కాదు."

"నేర్పు మరి."

మందు కొట్టించాక ఆదివారాలన్నీ ఆ పనికే పోయాయి. రంపం పడుతుంటే మొరియో పక్కన కూర్చుని దెప్పేవాడు. "చేపని కోసినట్టు అలా పొడుస్తావేం? చెక్కకి ముల్లుండదు."

"నోటికి పనిచెప్పడానికి మాత్రం నీ భుజం అడ్డురాదు!"

దూలం లేపిన రోజు మాత్రం ఎవరూ పరిహాసమాడలేదు. రాత్రి కురిసిన వానకి నేల నానింది. జాకీ తిప్పుతుండగా పైన ఫట్‌మని మోగి గోడ పెళ్ళలు రాలాయి. జాకీ కింద రాయి ఒక పక్కకి జారింది. కియోనో రెండు చేతులూ భుజమూ జాకీకి ఆనించి, కాళ్ళు బురదలో తన్నిపెట్టి నిలబడింది.

"బయటికి రా!" మొరియో అరిచాడు. "ఇల్లు పోతే పోనీ, నువ్వు రా!"

"పోనివ్వను. దుంగ పెట్టు."

"కియోనో!"

"మాట్లాడకు, దుంగ పెట్టు!"

అతను ఎడమ చేత్తోనే దుంగ ఈడ్చుకొచ్చి దూలం కింద నిలబెట్టి, సమ్మెటతో కొట్టి బిగించాడు. ఆమె జాకీ వదిలి బయటికొచ్చింది. గట్టుమీద కూర్చుని ఇద్దరూ చల్లటి బార్లీ టీ తాగారు. మొరియో ముఖం పాలిపోయింది. "ఇలాంటి పని ఇంకోసారి చేస్తే రంపం నాతో పట్టుకుపోతా" అన్నాడు. ఆమె కప్పు పెట్టేసి మళ్ళీ లోపలికి వెళ్ళింది.

దేవదారు పాదాన్ని పాత స్తంభంలోకి కుదిరేలా చెక్కింది మొరియో. మేకులు లేకుండా, ఒకదాని పళ్ళు ఒకదాంట్లో దిగే అతుకు. చెక్క సుత్తితో దాన్ని లోపలికి దింపింది కియోనో. జాకీలు వదులు చేస్తుంటే ఇల్లు సన్నగా మూలిగి, కొత్త పాదం మీద కూర్చుంది.

ఆగస్టులో పెద్ద తుఫాను వచ్చింది. హిదెకో ఫోను చేసి వచ్చెయ్యమని ఏడ్చింది. కియోనో కదల్లేదు. స్తంభం పక్కనే పరుపు వేసుకుని పడుకుంది. మా ఇంటి పెంకులు సగం ఎగిరిపోయాయి. ఆమె ఇల్లు నిలబడింది.

తెల్లారి మొరియో చూడ్డానికి వస్తే, గాడిలో జరిగే తలుపుల్లో ఒక్కటీ జరగలేదు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వాటిని ఏటేటా చిత్రికపట్టి, కుంగుతున్న ఇంటికి తగ్గట్టు అతనే వంకరగా సరిచేస్తూ వచ్చాడట. ఇప్పుడు తుఫాను ఊపుకి ఇల్లు కొత్త పాదం మీద సర్దుకుని నిటారుగా నిలబడేసరికి అవి పట్టేశాయి. తనే వచ్చి సరిచేస్తానన్నాడు. చిత్రికపట్టే తోపడా ఇక్కడ పెట్టి వెళ్ళు, నేనే చేసుకుంటానంది కియోనో.

వాళ్ళు మళ్ళీ కలిసిపోతారని షెడ్డులో మేమంతా అనుకున్నాం. కలవలేదు. అతను అప్పుడప్పుడు భోజనానికి వస్తాడు, తిని వెళ్ళిపోతాడు. ఓ సాయంత్రం నేను వెళ్ళేసరికి కియోనో వంటింటి తలుపు నేలమీద పడేసి, చెక్కపొట్టు మధ్య మోకాళ్ళమీద కూర్చుని తోపడా పడుతోంది. లేచి తలుపుని గాడిలో పెట్టి, "ఏదీ, నువ్వు లాగు" అంది.

లాగాను. ఒక్క వేలితో జరిగింది.

"పైన ఇంకా కొంచెం పట్టుకుంటోంది" అని ఆమె దాన్ని మళ్ళీ కిందికి దించింది.