బొండకొయ్యలో ఫోటో

మా బావ నవ్వించడం మొదలుపెడితే బస్సు మొత్తం కడుపులు పట్టుకోవాల్సిందే. బీమా ఏజెంటు కదా, చావు గురించి మాట్లాడుతూ కూడా ఎదుటివాణ్ణి నవ్వించి సంతకం పెట్టించగలడు. ఈ ఫారిన్ టూరు రెండో రోజుకే గైడు పిల్ల మైకు ఆయన చేతికి వచ్చేసింది. ఆడవాళ్లందరూ మా అక్కతో "మీరు అదృష్టవంతులండీ, మీవారు మీ మీద ఈగ కూడా వాలనివ్వరు" అనేవారు. నిజమే. ఆ ఈగను తోలడానికేనేమో, ఇంట్లో ఆయన చెయ్యి ఎప్పుడూ లేచే ఉంటుంది.

నేను స్కూల్లో డ్రిల్లు టీచర్ని. పెళ్లీ పెటాకులూ లేనిదాన్ని. "నువ్వు పక్కనుంటే ఆయన కాస్త తగ్గి ఉంటారే" అని అక్క బతిమాలితే ఈ బస్సెక్కాను. అక్కకు ఎడం చెవి వినపడదు. అది పోయి చాలా ఏళ్లయింది. మెట్ల మీంచి పడ్డానని బంధువులకు చెప్పుకుంది. వాళ్లది మెట్లే లేని ఇల్లని బంధువులందరికీ తెలుసు. అయినా అందరూ "అయ్యో, చూసుకుని దిగాలి కదమ్మా" అన్నారు.

ఆ రోజు పొద్దున్నే హోటల్లో చిన్న పొరపాటు జరిగింది. అక్కడ తాళంచెవి ఉండదు, కార్డే. దాన్ని గోడకున్న గూట్లో దోపితేనే గదిలో లైట్లు వెలుగుతాయి. లైట్లారిపోతాయని దాన్ని అందులోంచి తీయడానికి మనవాళ్లకు చేతులు రావు. బావ స్నానం చేసి, తువ్వాలు చుట్టుకుని, ఎదురుగది తాతగారి తలుపు కొట్టి ఆటపట్టించడానికి బయటికొచ్చాడు. ఆయన్ను లోపలికి పిలుద్దామని అక్క వెనకాలే వచ్చింది. తలుపు దానంతటదే పడిపోయింది. కార్డు లోపలే ఉంది. హోటలు మనిషి వచ్చి తీసేదాకా బావ తువ్వాలుతో వరండాలో నిలబడ్డాడు. టిఫినుకు వెళ్లేవాళ్లంతా చూసి పగలబడి నవ్వారు. ఆయనా నవ్వాడు.

"మా ఆవిడ గెంటేసిందండీ! ఎవరైనా ఓ గది అద్దెకిస్తారా?"

తలుపు తెరిచాక ఇద్దరూ లోపలికి వెళ్లారు. పక్క గది నాది. బాగా గాలి నింపిన బంతిని అరచేత్తో కొట్టినట్టు ఒక్క చప్పుడు వినిపించింది. ఆ వెంటనే కుర్చీ పడింది.

నేను పరుగెత్తి వాళ్ల తలుపు బాదాను. బావ తల దువ్వుకుంటూ తీశాడు. ఆయన వెనక అక్క కుడి చెవి మీద చెయ్యి పెట్టుకుని నేల మీంచి లేస్తోంది.

"ఏం మరదలా, టిఫినైందా?"

"ఏం చేశారు బావా?"

"తలుపు తగిలిందమ్మా మీ అక్కకి. చూశావుగా, ఇక్కడి తలుపులు మంచివి కావు."

ఆ దువ్వెన లాక్కుని ఆయన నోట్లో కుక్కాలనిపించింది. అక్క నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపింది. ఆమె కోసం ఊరుకున్నాను.

బస్సులో అక్క చెవి మీద చెయ్యి తీయకుండా, కళ్లు మూసుకుని కూర్చుంది. బస్సు మొదట గంటస్తంభం ఉన్న పెద్ద కూడలిలో ఆగింది. గుంపు టూర్లలో గైడు గొంతు చించుకోదు. ఒక్కొక్కరి మెడలో చిన్న పెట్టె, చెవిలో ఇయర్‌ఫోను ఉంటాయి. తను ఎక్కడో ముందు నడుస్తూ గుసగుసలాడినా అందరి చెవుల్లోనూ పలుకుతుంది. అక్క తనది కుడి చెవిలో పెట్టుకుంది.

"ఇది పలకట్లేదు అమ్మాయ్."

గైడు పిల్ల బ్యాటరీ మార్చింది. పలకలేదు. ఇంకో పెట్టె ఇచ్చింది. అదీ పలకలేదు. నేను తీసుకుని నా చెవిలో పెట్టుకున్నాను. "అందరూ ఒకసారి పైకి చూడండి" అని గైడు గొంతు నా పక్కనే నిలబడి చెప్పినట్టు వినిపించింది.

అప్పుడే స్తంభం మీది గంట మోగింది. దాని కిందే ఉన్నామేమో, అందరం చెవులు మూసుకున్నాం. కాళ్ల దగ్గర గింజలు తింటున్న పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. అక్క వాటిని వింతగా చూసింది.

"అన్నీ ఒకేసారి లేచిపోయాయేమే? ఎవరు తరిమారు?"

ఆమె కుడి చెవికి నోరు ఆనించి "అక్కా" అని పిలిచాను. తర్వాత అరిచాను. నా ఊపిరి తగిలి తిరిగిందే గాని పిలుపు విని కాదు. నా పెదవుల వంక చూసింది. చెవి పక్కన చిటిక వేసుకుంది. మళ్లీ మళ్లీ వేసుకుంది.

"చెల్లీ, నాకేం వినపడట్లేదే!"

తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో ఆమెకు తెలియలేదు. కూడలంతా తిరిగి చూసింది. నేను గైడు పిల్ల చెయ్యి పట్టుకుని, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని, ఉన్న ఒక్క చెవీ పోతోందని చెప్పాను. ఆ పిల్ల బావ వంక చూసింది. పాస్‌పోర్టులు, ఆసుపత్రి బీమా కాగితాలు అన్నీ ఆయన నడుముకున్న సంచిలోనే ఉన్నాయి.

"విమానం ఎక్కిన దగ్గర్నుంచీ ఇంతేనమ్మా. చెవులు మూసుకుపోయాయి. సాయంత్రానికి అవే సర్దుకుంటాయి" అన్నాడు బావ. తర్వాత అందరి వైపూ తిరిగాడు. "అయినా మా ఇంట్లో నా మాట ఎప్పుడూ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేనండీ. ఇవాళ కొత్తేముంది?"

నవ్వారు. "నాకూ అలాగే మూసుకుపోయాయి, ఇంతమంది రోజు పాడుచేయడం ఎందుకమ్మా" అన్నాడు ఎదురుగది తాతగారు.

నేను సంచి పట్టుకుని లాగాను. బావ నా మణికట్టు పట్టుకుని, మొహంలో నవ్వు చెదరకుండానే, వెనక్కి విరిచాడు. కళ్లలోంచి నీళ్లు చిమ్మాయి. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర అంటారు. ఆ కత్తెర పదును ఎంతో నా చేతికి తెలిసొచ్చింది. వేళ్లు వదిలేశాను. బస్సు ఆ కూడలి నుంచి పాత జైలుకు కదిలింది.

ఆ జైల్లో ఇప్పుడు ఖైదీలు లేరు. గోళ్లు పీకే పటకార్లు, తల నొక్కే మరలు, ఎముకలు విరిచే చక్రం అద్దాల పెట్టెల్లో పెట్టి చూపిస్తారు. దేంతో మనిషి ఎంతసేపు బతికేవాడో గైడు పిల్ల మెత్తటి గొంతుతో మా చెవుల్లో చెబుతోంది. తాతగారు చక్రం ముందు ఫోటో దిగాడు. అక్క నా చెయ్యి వదలకుండా నడిచింది. దాటిన ప్రతి పెట్టె ముందూ చిటిక వేసుకుంటూనే ఉంది.

పెరట్లో మెట్లున్న అరుగు మీద బొండకొయ్య ఉంది. రెండు బరువైన పలకలు, మధ్యలో మెడకొకటి, చేతులకు రెండు కంతలు. పై పలక దించి ఇనుప మేకు దోపితే లోపలున్నవాడు కదలలేడు. కాపలామనిషి సరదాపడ్డ వాళ్లనల్లా అందులో ఇరికిస్తున్నాడు, వాళ్లు ఫోటోలు దిగుతున్నారు.

బావ గైడు పిల్ల మైకు తీసుకుని తన కాలరుకు తగిలించుకుని అక్కను వెనకనుంచి తోసుకెళ్లాడు. ఏం జరుగుతోందో ఆమెకు అర్థమయ్యేలోపే పలక దిగింది.

"ఈ ముద్దాయి చేసిన నేరం ఏంటంటే" అని ఆయన గొంతు మా అందరి చెవుల్లో పలికింది, "కట్టుకున్న మొగుణ్ణి తువ్వాలుతో నడివీధిలో నిలబెట్టింది! శిక్ష రెండు చెంపదెబ్బలు!"

మొదటిది తట్టినట్టే కొట్టాడు. రెండోది అలా కాదు. అక్క తల కొయ్యకు కొట్టుకుని వెనక్కి వచ్చింది. జనం చప్పట్లు కొట్టి నవ్వారు. ఆమె తలెత్తి ఆ నోళ్లన్నిటినీ ఒక్కొక్కటిగా చూసింది. ఒక్క నవ్వూ ఆమెకు వినపడలేదు.

నేను మెట్లెక్కి మేకు లాగేశాను. అక్క బయటికొచ్చింది. ఏడవలేదు. పెదవి చిట్లింది, తుడుచుకోలేదు.

"ఏజెంటుగారూ, ఇప్పుడు మీ వంతు! తప్పించుకుంటే ఊరుకోం" అని తాతగారు కేకేశాడు. అందరూ అందుకున్నారు. జనం అడిగితే మా బావ కాదనలేడు. నమస్కారాలు పెట్టుకుంటూ వెళ్లి మెడ, చేతులు కంతల్లో పెట్టాడు. కాపలామనిషి పలక దించి, మేకు దోపి, మళ్లీ గేటు దగ్గరికి వెళ్లాడు.

అక్క కూర్చుని కుడికాలి బూటు విప్పింది. ఈ టూరు కోసమే కొన్న బూట్లు, మందపాటి సోలు. లేచి వెళ్లి ఆయన కుడి చెవి మీద కొట్టింది.

అందరూ ఘొల్లున నవ్వారు. "భేష్ వదినగారూ!" అని ఎవరో అరిచారు. ఫోన్లు పైకి లేచాయి. రెండో దెబ్బ అదే చెవి మీద పడింది. మూడోది ఎడం చెవి మీద. "అబ్బ! చాల్లేవే, ఆట అయిపోయింది" అన్నాడు బావ. మైకు ఆయన కాలరుకే ఉంది కాబట్టి ఆ మాట మా చెవిలో చెప్పినట్టే ఉంది. అక్క ఆగలేదు. ముక్కు మీద కొట్టింది. మెత్తటిదేదో విరిగిన చప్పుడు కూడా మైకులోంచే విన్నాం. నెత్తురు పలక మీదుగా ఫోటో దిగే మెట్ల మీదకు కారింది. అప్పుడు గాని నవ్వులు ఆగలేదు.

"ఆపండమ్మా!" "పట్టుకోండి ఎవరైనా!" అని అందరూ అరిచారు. ఎవరూ పైకి రాలేదు. కాపలామనిషి పరుగెత్తుకొచ్చాడు. నేను మేకుకు అడ్డంగా నిలబడ్డాను. అతను తోశాడు. నేను కదల్లేదు. నాకు సంతోషంగా ఉంది, అబద్ధమెందుకు? పొద్దున్న గోడవతల విన్న చప్పుడుకు ఇది జవాబని ఒళ్లంతా పొంగిపోయింది. "ఒసేయ్, చచ్చిపోతానే, నీ కాళ్లు పట్టుకుంటా" అని బావ ఏడుస్తున్నాడు. అక్క మొహం ఏ కోపమూ లేకుండా, దుప్పటి దులుపుతున్నట్టుగా ఉంది. బూటు మడమ ఆయన కంటి మీదకు లేచినప్పుడు నాకు భయమేసింది. వెళ్లి వెనకనుంచి వాటేసుకున్నాను. మోచేత్తో నన్ను కూడా కొట్టింది. నా పన్ను కదిలింది. వదల్లేదు.

ఆమె రొప్పుతూ నా వైపు తిరిగింది.

"ఏమంటున్నాడే వీడు? ఇందాకట్నుంచీ నోరు ఆడిస్తున్నాడు!"

పోలీసమ్మ వచ్చింది. ఫోన్లన్నీ జేబుల్లోకి వెళ్లిపోయాయి, ఎవరూ ఏమీ చూడలేదన్నారు. బావ వాచిన నోటితో "ఆటలో జరిగింది, కేసేం లేదు" అని గైడు పిల్ల చేత చెప్పించాడు. పెళ్లాం బూటుతో కొట్టిందని ఏ మొగవాడు కాగితం మీద రాయించుకుంటాడు? ఒకే అంబులెన్సులో ముగ్గురం ఆసుపత్రికి వెళ్లాం. అక్కను అక్కడికి చేర్చడానికి ఆయన నెత్తురు కావాల్సొచ్చింది.

బావకు తెర అవతల కుట్లు వేశారు. తెర ఇవతల డాక్టరమ్మ అక్క కుడి చెవిలోకి చాలాసేపు చూసింది. లోపలంతా చిరిగిపోయిందని, లోతుగా దెబ్బ తగిలిందని చెప్పింది. వినికిడి ఇక తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోవద్దంది. గైడు పిల్ల ఆ మాటలు నాకు తెలుగులో చెప్పి ఏడ్చింది. అక్క మా ఇద్దరి మొహాలూ చూసి తనే గ్రహించింది. నా చేతిలో చెయ్యి పెట్టింది. నేను ఆ చెయ్యి పట్టుకుని బావురుమన్నాను. నా ఏడుపు కూడా ఆమెకు వినపడలేదు.

కాసేపటికి తెర అవతల నుంచి బావ పిలిచాడు.

"ఏమేవ్! ఇలా రా. నీళ్లివ్వు."

ఇన్నేళ్లలో ఆ గొంతుకు అక్క ఉలిక్కిపడి లేవని రోజు లేదు. వంటగదిలో ఉన్నా, నిద్రలో ఉన్నా, పరుగెత్తుకొచ్చేది. ఆయన మళ్లీ పిలిచాడు. మూడోసారి మంచం ఇనుప కడ్డీని గుద్ది అరిచాడు. నర్సు ఉలిక్కిపడి సూది కింద పడేసింది. గైడు పిల్ల భుజాలు ముడుచుకుంది. అక్క కిటికీలోంచి వచ్చే ఎండలో కాళ్లు చాపుకుని బూటు తాడు కట్టుకుంటోంది.

నేను తెర వైపు చూడటం గమనించి తలెత్తింది.

"ఏంటే? ఎవరైనా పిలుస్తున్నారా?"

లేదని తల ఊపాను.