నాలుగు స్క్రూల కోసం

మా మేనేజరు కురాషినాకి వలయాలంటే పిచ్చి. టోక్యో నుంచి మా ఊరు సంజోకి బదిలీ అయి వచ్చిన మొదటి రోజే మా విడదీత షెడ్డు గోడకి నిలువెత్తు బొమ్మ అంటించాడు. రైస్ కుక్కర్ ఫ్యాక్టరీ నుంచి దుకాణానికి, దుకాణం నుంచి ఇంటికి, పాతబడ్డాక ఇంటి నుంచి మళ్ళీ మా దగ్గరికి వస్తుంది. మేం దాన్ని విప్పి ఉక్కు, అల్యూమినియం, ప్లాస్టిక్ వేరుచేస్తే అవన్నీ కొత్త కుక్కరై పుట్టుకొస్తాయి. ఆకుపచ్చ బాణాలు గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చాయి. చూడముచ్చటగానే ఉంది. గీసినవాడు మాత్రం జన్మలో ఒక్క కుక్కర్ అడుగైనా విప్పి ఉండడు.

నేను పదహారేళ్ళుగా విప్పుతున్నాను. మా కుక్కర్ అడుగుభాగాన్ని జిగురుతో అంటిస్తారు. ఊడదీయాలంటే పగలగొట్టడం తప్ప దారి లేదు. పగిలిన ప్లాస్టిక్‌కి జిగురు అంటుకునే ఉంటుంది కాబట్టి అది దేనికీ పనికిరాదు, చెత్తలోకి పోతుంది. జిగురు బదులు నాలుగు స్క్రూలు పెట్టండి మహాప్రభో అని డిజైన్ విభాగానికి ఏడుసార్లు రాశాను. "మీ అమూల్యమైన సూచనకు కృతజ్ఞతలు" అని ఏడుసార్లూ జవాబొచ్చింది. అందుకే కురాషినాని పట్టుకున్నాను.

"స్క్రూలదేముంది సెత్సుకో గారూ, పెట్టిద్దాం," అన్నాడు నవ్వుతూ. "కాకపోతే పైవాళ్ళకి చూపించడానికో అంకె కావాలి కదా. ఇప్పుడు నెలకి నాలుగంటే నాలుగు పాత కుక్కర్లు వాపసొస్తున్నాయి. నలభై తెప్పించండి. ఆ మర్నాడే డిజైన్ వాళ్ళతో నేను మాట్లాడతా."

"నలభయ్యా! జనం ఒక్కో కుక్కర్‌ని పన్నెండేళ్ళు వాడతారండీ. ఇమ్మంటే ఎవరిస్తారు?"

"అందరం కలిసి గట్టిగా ప్రయత్నిద్దాం!"

ఆ ముక్క అన్నాక మా దగ్గర ఇంక ఎవరూ నోరెత్తరు. మర్నాటి నుంచి ఉదయం కసరత్తు కాగానే షెడ్డులోని ఆరుగురమూ వరసగా నిలబడి "నలభై!" అని అరవడం మొదలెట్టాం. ఎవరెన్ని తెచ్చారో గోడమీద పేర్ల పక్కన ఎర్ర చుక్కలు. నేను సెలవు రోజుల్లో ఇల్లిల్లూ తిరిగాను. తలుపు తీసిన ప్రతి ఇల్లాలూ వంగి క్షమాపణ చెప్పి, "ఇంకా బాగానే ఉడుకుతోందండీ" అంది. మా సరుకుని అంత గట్టిగా చేసిన తప్పు మాదే.

మూడో వారం స్టేషను పక్క దుకాణంలో మా కంపెనీ కుక్కరే కొత్తది కొన్నాను. ఒక్కసారి అన్నం వండి, కడిగి, వాపసు కింద తెచ్చిచ్చాను. ఆ ఒక్కసారి వండడమే నా నిజాయితీ. ఇది మాకు కొత్తేం కాదు. మా ఆయన కేకుల దుకాణంలో పనిచేసినప్పుడు ఆయన అమ్మాల్సిన కేకుల వాటాని ఎప్పుడూ మేమే కొనుక్కునేవాళ్ళం. క్రిస్మస్ కేకులు జనవరి దాకా తినేవాళ్ళం. అప్పుడు ఆయన్ని తిట్టిపోశాను. ఇప్పుడు నా సిగ్గుమాలినతనానికి స్క్రూలని పేరు పెట్టుకున్నాను.

ఉన్నట్టుండి అందరికీ చుక్కలు పెరిగాయి. మార్చిలో రిటైరయ్యే హోన్మా గారు ఒకరోజు తెచ్చిన కుక్కర్ మూత తళతళా మెరిసిపోతోంది.

"హోన్మా గారూ, కనీసం పైనున్న ప్లాస్టిక్ పొరైనా పీకకపోతే ఎలాగండీ?"

"ఏ పొర? ఓ, అదా. ఎవరో మహా జాగ్రత్తపరులులే."

"సూచనల పుస్తకం కూడా లోపలే పెట్టుకుని వండారా?"

"చాల్లే, నువ్వేదో తక్కువ తిన్నట్టు! నిన్న నువ్వు తెచ్చిన కుక్కర్ గిన్నెకి గరిటె గీతైనా ఉందా?" అని గొంతు తగ్గించాడు. "వెళ్ళేలోపు ఆ స్క్రూలేవో చూసి వెళ్దామనమ్మా."

ఇద్దరం పనిలో పడ్డాం. మా ఊళ్ళో కుక్కర్ల అమ్మకాలు హఠాత్తుగా పెరిగాయని ఫ్యాక్టరీకి కబురొచ్చింది. అదనపు షిఫ్టు పెట్టారు. ఉక్కు ఆదా చేద్దామని మొదలెట్టిన పథకం కోసం ఫ్యాక్టరీ పొద్దస్తమానం కొత్త ఉక్కు మింగుతోంది.

నవంబరులో లెక్క నలభై రెండుకి చేరింది. కురాషినా మాకు నడుం వంచి నమస్కరించాడు.

"వాపసొచ్చిన కుక్కర్లు కొత్తవాటికి ఏమాత్రం తీసిపోవని తనిఖీలో తేలింది. ఇంక వీటిని విప్పక్కర్లేదు. తుడిచి, కొత్త పెట్టెలో పెట్టి దుకాణానికి పంపేద్దాం. మన వలయం పూర్తయింది! విప్పే పనే లేదు కాబట్టి స్క్రూల అవసరమూ తీరిపోయింది. ఈ షెడ్డు మార్చి దాకా ఉంటుంది. ఆ తర్వాత మీరంతా ప్యాకింగుకి."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అర్థమయ్యేసరికి చేతులు మండుతున్నాయి. వరండాలో అతనికి అడ్డం వెళ్ళాను.

"అవి కొత్తవే కాబట్టి కొత్తగా ఉన్నాయండీ. మేమే కొన్నాం. నేను ఆరు కొన్నాను."

"తెలుసు," అన్నాడు. ఆ ఒక్కసారే నవ్వలేదు. "నేను తొమ్మిది కొన్నాను. వచ్చే నెల యాభై అన్నారు పైవాళ్ళు."

తిట్టడానికి నాకు మనిషి కూడా మిగల్లేదు. షెడ్డులోకి వచ్చేసరికి వాపసు తీసుకునే కిటికీ దగ్గర మత్సునో అనే బామ్మగారు నిలబడి ఉంది. నది అవతలి నుంచి బస్సులో వచ్చిందట. గుడ్డలో మూటగట్టిన కుక్కర్‌ని రెండు చేతులతో బల్లమీద పెట్టింది. పద్దెనిమిదేళ్ళు వాడి, తళతళలాడేలా కడిగి, తీగని చుట్టి రిబ్బను కట్టి తెచ్చింది. నిజంగా పాతది. పథకం మొదలైన మూడు నెలల్లో నా చేతికి అడగకుండా వచ్చింది అదొక్కటే.

"మా ఆయనకి చివరిదాకా గంజి కాచిపెట్టింది తల్లీ," అని కుక్కర్‌కి తల వంచింది. "మీరు విప్పి మళ్ళీ కొత్తది చేస్తారట కదా. మంచి ఇంటికే వెళ్తుందంటావా?"

"తప్పకుండా వెళ్తుంది బామ్మగారూ," అన్నాను నవ్వుతూ. దాని అడుగు ఊడదని, సాయంత్రానికల్లా ముక్కలై చెత్తలోకి పోతుందని తెలిసే అన్నాను.