చివరి అరగంట

గంగాధరం మెడ కింద తువ్వాలు సర్ది, రెజీనా చెంపలకు నురగ రాసింది. పక్షవాతం పడిన కుడివైపు చెంప కిందికి జారి ఉంటుంది. అటువైపు చర్మాన్ని రెండు వేళ్లతో పైకి లాగి పట్టుకుని రేజరు నడపాలి. ఎనిమిది నెలల్లో ఒక్క గాటు కూడా పడలేదు. చూడటానికి ఆ వేళ్లు బాగుండవు. ఇరవై రెండేళ్లు ఐసు నీళ్లలో రొయ్యలు వలిచిన వేళ్లు. గోళ్లు మందంగా, పసుపుపచ్చగా మారాయి. కణుపులు ఉబ్బాయి. రొయ్య ముళ్లు దిగిన చోటల్లా తెల్లటి మచ్చలు.

"నిన్న చూసినావా రెజీనా?" వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మాలకొండమ్మ అడిగింది. గంగాధరం భార్య ఆమె. రోజూ ఈ వేళకు అడిగే ప్రశ్నే.

"చూసినానమ్మా. మొత్తం చూసే పడుకున్నా."

"ఎట్టుండాది?"

"కథ పరవాలా. తమ్ముణ్ణి చంపినోడి కోసం ఒకడు దేశమంతా తిరగతాడు. పాటలు దండగ. ఆ పిల్ల పెరట్లో అంట్లు తోమేటప్పుడు గూడా పట్టుచీరే కట్టుకోనుంటది."

మాలకొండమ్మ నవ్వింది. "వాళ్లిళ్లల్లో అంతేలే. చివర?"

రెజీనా రేజరును గిన్నెలో కడిగింది. "చివర మాత్రం నాకు నచ్చలా. ఎందుకో చెప్పనమ్మా. సార్ చూడాల గదా."

గంగాధరం ఎడమ కన్ను ఆమె వైపు తిరిగింది. అతని ఒంట్లో చెప్పినట్టు వినేది ఆ కన్నూ, ఎడమ చేతి వేళ్లూ మాత్రమే. నోట్లోంచి మాట రాదు, మూలుగు వస్తుంది. కానీ చెవులు బాగా వినపడతాయి. సినిమా పేరెత్తితే ఆ కన్ను మెరుస్తుంది. రెజీనాకు కావలసింది అదే.

పన్నెండేళ్ల కిందట ఇదే మనిషి తెల్లచొక్కా, గమ్ బూట్లు వేసుకుని రొయ్యల కంపెనీ పీలింగ్ షెడ్డులో సూపర్‌వైజరుగా తిరిగేవాడు. రెండువందల మంది ఆడవాళ్లు బల్లలకు అటూ ఇటూ నిలబడి పనిచేసేవాళ్లు. అందరికీ నెత్తిన టోపీ, మొహానికి మాస్కు, చేతులకు గ్లవుజులు. అతనికి ఎవరి పేర్లూ తెలియవు. నంబర్లతో పిలిచేవాడు. రెజీనా నలభై ఆరు. ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేయాలి. ఇంటి నుంచి ఎవరైనా పిలవాలంటే ఆఫీసు గదిలో అతని బల్ల మీదున్న ఫోనుకే.

ఆ రోజు మధ్యాహ్నం రెండుంబావుకు ఆ ఫోను మోగింది. రెజీనా భర్త జడ్సన్ మైపాడు నుంచి నెల్లూరుకు షేర్ ఆటో తోలేవాడు. కాలవ మలుపు దగ్గర ఆటో తిరగబడి, స్టీరింగు అతని పొట్టలోకి గుచ్చుకుంది. ఆసుపత్రి నుంచి మరిది ఫోను చేశాడు. షెడ్డులో ఆ సాయంత్రం ఎగుమతి రొయ్యల కంటెయినరు పోవాలి. ఒక్క మనిషి కూడా బల్ల వదలడానికి లేదు. గంగాధరం అయిదున్నరకు, కంటెయినరు గేటు దాటాక, నలభై ఆరును పిలిచాడు. "ఎవురో ఫోను చేసినారు. ఆసుపత్రికి పొమ్మన్నారు," అన్నాడు, చేతిలో కాగితాలు చూసుకుంటూనే. జడ్సన్ అయిదు గంటలకే పోయాడు. మూడు గంటల సేపు స్పృహలోనే ఉన్నాడనీ, తలుపు చప్పుడైనప్పుడల్లా "వచ్చిందా?" అని అడిగాడనీ మరిది చెప్పాడు.

తరువాత కూడా ఆమె అదే షెడ్డులో తొమ్మిదేళ్లు పనిచేసింది. చేయక గతి లేదు. వేళ్లు ముడుచుకోవడం మానేశాక మానుకుంది. ఒకరోజు చర్చిలో పాస్టరుగారి భార్య నవోమమ్మ, ఇందుకూరుపేటలో మంచంలో ఉన్న పెద్దాయన్ను పగటిపూట చూసుకోవడానికి మనిషి కావాలంటున్నారని చెప్పింది. రెజీనా బస్సు దిగి, ఇల్లు కనుక్కుని, లోపలికి వచ్చి మంచం మీది మొహం చూసింది. వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకుంది. మాలకొండమ్మ అప్పటికే మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోపల ఉండిపోవాలని నిర్ణయించుకుంది.

పనిలో ఎవరూ వేలెత్తి చూపలేరు. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతుంది. వీపున పౌడరు అద్దుతుంది. ఒక్క పుండు పడనివ్వలేదు. అతను బతకాలి, ఒళ్లు శుభ్రంగా ఉండాలి, తెలివి ఉండాలి. లేకపోతే ఆమె చేసేదానికి అర్థం లేదు.

ఆమె చేసేది చిన్న పని. గంగాధరానికి మిగిలిన సరదా సినిమా ఒక్కటే. అతని కూతురు అనూష కోవూరులో ఒక బడిలో లెక్కలు చెబుతుంది. రెజీనా వచ్చిన కొత్తల్లోనే ఆ పిల్ల సినిమాల యాప్‌లో తన అకౌంటు ఆమె ఫోనులో కూడా పెట్టింది. "మీరు ముందు చూసి, బాగున్నయ్యే నాన్నకు పెట్టండి ఆంటీ," అంది. రెజీనా సాయంత్రం ఇంట్లో అన్నం తింటూ సినిమా చూస్తుంది. మర్నాడు మధ్యాహ్నం అదే ఇక్కడ పెడుతుంది. సరిగ్గా అరగంట మిగిలి ఉండగా, హంతకుడెవరో తెలిసే ముందో, బిడ్డ తల్లిని చేరే ముందో, రిమోటు తీసుకుని కట్టేస్తుంది. "మిగతాది నేను చూసేసినాను సార్," అంటుంది. "బాగుంది. ముఖ్యంగా చివరి అరగంట. చూసి తీరాల." తరువాత దుప్పటి సర్ది, జావ తాగించి, అయిదుకు వెళ్లిపోతుంది. తెరవైపు చూస్తూ ఉండిపోయే ఆ కన్నును తలుచుకుంటే బస్సులో ఆమెకు కడుపు చల్లగా ఉండేది. అట్లా నూట అరవై సినిమాలు.

నిన్నటి సినిమా మాత్రం ఆమెను కలవరపెట్టింది. చివర అన్న పగవాణ్ణి మేడ మీద నుంచి తుపాకితో కాల్చేశాడు. వాడప్పుడు పెళ్లిభోజనం చేస్తున్నాడు. ఎవరు చంపారో, ఎందుకు చంపారో తెలియకుండానే విస్తరి మీదికి ఒరిగిపోయాడు. చూసినవాళ్లకు తెలిసింది. వాడికి తెలియలేదు. అదేం పగ? ఫోను పక్కన పెట్టాక కూడా రెజీనాకు అదే ఆలోచన. ఈ ముసలాయనకు మాత్రం ఏం తెలుసు? పనిమనిషికి టైమయిపోయి సినిమా కట్టేస్తుందని అనుకుంటూ ఉంటాడు. షెడ్డులో ఉన్నన్నాళ్లూ టోపీ, మాస్కు మధ్య రెండు కళ్లు తప్ప ఆమె మొహం అతనెప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం అన్నం మెత్తగా పిసికి, చారు పోసి, చెంచాతో పెట్టింది. మూతి తుడిచింది. మాలకొండమ్మ వెనకగదిలో నడుం వాల్చాక టీవీ పెట్టింది. ఫ్యాను గాలికి కిటికీ తెర ఊగుతోంది. గంగాధరం రెప్ప వాల్చకుండా చూశాడు. తమ్ముడు చనిపోయే చోట అతని ఎడమ చేతి వేళ్లు దుప్పటిని పట్టుకున్నాయి. అన్న ఆ పెళ్లివాళ్ల ఊరు చేరి బస్సు దిగుతుండగా రెజీనా రిమోటు నొక్కింది.

ఈసారి "బాగుంది" అనలేదు. స్టూలు లాగి టీవీకీ మంచానికీ మధ్యన వేసుకుని కూర్చుంది.

"సార్, నేనెవురో మీకు తెలియదు. నేను నలభై ఆరు. మూడో బల్ల."

కన్ను ఆమె మీద నిలిచింది.

"కంటెయినరు పోయే రోజు నాకు ఫోనొచ్చింది. రెండుంబావుకు. ఎత్తింది మీరే. అయిదున్నరకు చెప్పినారు. అయిదుకే మా ఆయన పోయినాడు." గొంతు పెంచలేదు. సినిమాల గురించి చెప్పే గొంతుతోనే చెప్పింది. "మూడు గంటలు నా కోసం అడిగినాడంట. ఆయన ఏం చెప్పాలనుకున్నాడో నాకు తెలియదు. ఇంక తెలియదు గూడా. అందుకే మీకు ఒక్క సినిమా చివర గూడా చూపించలా. టైము లేక గాదు. కావాలనే కట్టేసినాను. అది మీకు తెలియాల."

గంగాధరం గొంతులోంచి మూలుగు వచ్చింది. వేళ్లు దుప్పటి మీద కదిలాయి, దేన్నో వెతుకుతున్నట్టు. కంటిలోంచి నీరు కారింది. కానీ ఆ కంటి వెంట నీరు రోజూ కారుతూనే ఉంటుంది. అది పశ్చాత్తాపమో, భయమో, దాహమో రెజీనాకు అంతు చిక్కలేదు. ఆ మొహంలో ఏదో ఒకటి కనపడాలని చాలాసేపు చూసింది. చివరకు లేచి, "జావ తెస్తా," అంది.

వంటింట్లో రాగిజావ వడపోసి, గోరువెచ్చగా అయ్యేదాకా కలిపింది. తిరిగి వచ్చేసరికి వేళ్ల కదలిక ఆగిపోయి ఉంది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. మెడ మీద పెట్టింది. గిన్నె స్టూలు మీద పెట్టి, మాలకొండమ్మను లేపడానికి వెళ్లబోయి, ఒక్క నిమిషం అక్కడే నిలబడింది. తెలిసే పోయాడు. ఎవరో, ఎందుకో విన్నాకే పోయాడు. ప్రభువును క్షమించమని అడగాలని కూడా అనిపించలేదు.

డాక్టరు వచ్చి చూసి, మళ్లీ స్ట్రోకు వచ్చిందన్నాడు. ఇరుగుపొరుగు చేరారు. అయిదున్నరకు అనూష స్కూటీ గేటులోనే పడేసి లోపలికి పరుగెత్తుకొచ్చింది. తండ్రి అరచేతిని మొహానికి ఆనించుకుని ఏడ్చింది. రెజీనా గోడకు ఆనుకుని నిలబడి చూసింది. చూడటానికి తనకు హక్కుందనుకుంది.

శవాన్ని ముందుగదిలో పడుకోబెట్టాలన్నారు. తల జారకుండా ఎత్తడం రెజీనాకే తెలుసు కాబట్టి ఆమెనే పిలిచారు. ఎత్తి అవతలికి చేర్చాక, పక్క దులపడానికి వెనక్కి వచ్చి పరుపు తీస్తే కింద నుంచి ఒక నోటుపుస్తకం జారిపడింది. తెరిచి చూసింది. పేజీల నిండా తేదీలు, వాటి పక్కన సినిమాలు. 'కోర్టు సినిమా. నాన్న: బాగుంది. అమ్మ: నిద్రపోయింది. ఆంటీ: జడ్జి పాత్ర బాగా చేసినాడు.' 'పడవ సినిమా. నాన్న: బాగాలేదు. ఆంటీ: చూసి తీరాల.'

"నేనే రాసేదాన్ని. మీరన్నవి అమ్మ చెప్పేది," అంది అనూష వాకిట్లోంచి. కళ్లు వాచి ఉన్నాయి. దగ్గరికి వచ్చి రెజీనా చెయ్యి పట్టుకుంది. "మీకు ఎప్పుడో చెప్పాల్సింది ఆంటీ. ఎవురూ చెయ్యరు మీరు చేసినట్టు. రోజూ చివరి అరగంట నా కోసం మిగిల్చి పెట్టినారు."

రెజీనా ఆ పిల్ల మొహంలోకి చూసింది.

"బడి నుంచి వచ్చేసరికి నాన్న వాకిలి వైపే చూస్తా ఉండేవాడు. కాళ్లు గూడా కడుక్కోనిచ్చేవాడు గాదు. ఆ అరగంట ఇద్దరం కలిసి చూసేవాళ్లం. అయినాక నేను అడిగేదాన్ని. కన్ను ఒకసారి మూస్తే బాగున్నట్టు, రెండుసార్లు మూస్తే బాగలేనట్టు." అనూష కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నా చిన్నప్పుడంతా నాన్న కంపెనీలోనే. నాతో కూర్చోని ఒక్క సినిమా చూళ్లేదు. ఈ ఎనిమిది నెలల్లోనే నాకు నాన్న దొరికినాడు. అది మీ వల్లే."

నీ కోసం కాదని చెప్పడానికి రెజీనా నోరు తెరిచింది. నూట అరవై సాయంత్రాలు. తను బస్సులో కడుపు చల్లబరుచుకుంటున్న వేళల్లో ఈ గదిలో తండ్రీ కూతుళ్లు పక్కపక్కన కూర్చున్నారు. తనకు మూడు గంటలు లేకుండా చేసినవాడికి తనే ఎనభై గంటలు పంచిపెట్టింది. తను చెప్పినదంతా విని మూలిగినప్పుడు అతను ఏమనాలనుకున్నాడు? నవ్వాడా? థ్యాంక్స్ చెప్పబోయాడా? చచ్చినవాణ్ణి లేపి అడగాలన్నంత కోపం వచ్చింది. ముందుగదిలో మాలకొండమ్మ ఏడుపు వినపడుతోంది. చేతిని పట్టుకున్న పిల్ల వేళ్లు వెచ్చగా, మెత్తగా ఉన్నాయి.

"పొయి ముందు మీ అమ్మ దగ్గర కూర్చో," అంది రెజీనా.

చెయ్యి విడిపించుకుని, కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కుంది. చెప్పులు వెతుక్కుని, ఎవరికీ చెప్పకుండా గేటు దాటింది. మైపాడు బస్సు ఎండ తగ్గిన రోడ్డు మీద హారన్ కొట్టుకుంటూ వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని కళ్లు మూసుకుంది కానీ, ఈసారి తలుచుకోవడానికి ఏమీ దొరకలేదు.

పరుపు తీసేసిన ఆ ఇనుపమంచం మీద నోటుపుస్తకం తెరిచే ఉంది. ఆ రోజు తేదీ అనూష ముందే వేసి పెట్టింది, కింద 'నాన్న' అనీ, దాని కింద 'ఆంటీ' అనీ రాసి, రెండింటి పక్కనా ఖాళీ వదిలి.