మైనస్ మర్చిపోయిన గీత

సరళరేఖ ఎక్కడ ఆగుతుందో చెప్పండర్రా. కాగితం అంచు దగ్గరా? అలా అనుకునేవాళ్లకే మార్కులు పోయేది. అది రెండువైపులా పోతూనే ఉంటుంది. మనం గీసినవి మాత్రం మన చెయ్యి ఆగిన చోటే ఆగిపోతాయి. ఒక పిల్ల ఉండేది, తను గీసినవి ఆగేవి కావు.

స్కూలు నుంచి రాగానే కిటికీ పక్కన కూర్చుని గ్రాఫు కాగితం మీద లెక్క మొదలుపెట్టేది. గీత కాగితం దాటి, బల్ల దాటి, వీధిలోకి పోయేది. పక్కింటావిడ దాని మీద తడిబట్టలు ఆరేసుకునేది.

"ఇవాళ లెక్కలు చెయ్యలేదేమే? నా దుప్పట్లు బకెట్లోనే ఉన్నాయి."

"చేస్తున్నా పిన్నీ. తుడిచే ముందు కేకేస్తాలే."

తుడిస్తే బట్టలు మట్టిలో పడతాయి మరి.

ఆ పిల్లకున్న జబ్బల్లా మైనస్ గుర్తు మర్చిపోవడం. దిగాల్సిన గీతలు ఎక్కేవి. ఒకసారి పరీక్ష పోయింది కూడా. ఈసారీ పోతే చదువు మానిపించి, అమ్మ పనిచేసే ఇస్త్రీ కొట్లో నిలబెడతారు. నాన్న గోడలకి రంగులేసే మనిషి. నిచ్చెన మీంచి పడ్డాక కాళ్లు పనిచెయ్యలేదు. మంచంలో గోడవైపు తిరిగి పడుకునేవాడు. తింటావా అని అడిగితే గోడకే జవాబు చెప్పేవాడు.

పరీక్షలో గ్రాఫు వచ్చింది. వై ఈజ్ ఈక్వల్ టు మైనస్ ఎక్స్ ప్లస్ నాలుగు. ఎక్స్ పెరిగేకొద్దీ వై తగ్గాలి, అంటే గీత కుడివైపుకి దిగాలి, అవునా? ఆ పిల్ల బిందువులు పెట్టింది, స్కేలు ఆనించి గీసింది. గీత ఎక్కింది. కుడి కొస కిటికీలోంచి ఆకాశంలోకి పోయింది. ఎడమ కొస గుమ్మం దాటి, వీధులు దాటి, వాళ్లింట్లో మంచం పక్కకి దిగింది.

అప్పుడు చూసుకుంది మైనస్‌ని. ఇదొక్కటి సరిచేస్తే గట్టెక్కినట్టే. రబ్బరు చేతిలోకి తీసుకుంది.

గుమ్మంలో నాన్న కనిపించాడు. గీత మీద, దేన్నీ పట్టుకోకుండా, నడుచుకుంటూ వస్తున్నాడు.

"కాస్త నెమ్మదిగా వెళ్లండి, పిల్లలు రాసుకుంటున్నారు" అంది కాపలా ఉన్న టీచరు.

ఆయన పాదం కాగితం మీద పడింది. మడమ పగుళ్లలో పాత రంగు.

"నాన్నా, ఇది తప్పు గీత. దిగాల్సింది."

"దిగడం చూశాంగా అమ్మా."

"మరి మళ్లీ ఎలా వస్తావు?"

ఆయన "నువ్వు రాసుకో" అని కిటికీ దాటేశాడు.

బెల్లు కొట్టేదాకా ఆ పిల్ల రబ్బరు పట్టుకునే కూర్చుంది. తర్వాత దాన్ని డబ్బాలో పెట్టేసి కాగితం ఇచ్చేసింది.

పరీక్ష పోయింది. దిద్దినవాళ్లు ఎర్ర సిరాతో కొట్టేశారు, తుడవలేదు. అంతవరకు నయం. వాళ్లమ్మ పక్కనే నిలబడి కాలర్లు ఇస్త్రీ చెయ్యడం నేర్చుకుంది. మధ్యలో పెట్టె పక్కన పెట్టి గుమ్మంలోకొచ్చి పైకి చూసేది. మొదట్లో నాన్న చుక్కలా కనిపించేవాడు. తర్వాత అదీ లేదు. చూడటం మాత్రం మానలేదు. ఒక చొక్కా మాడితే యజమాని తిట్టాడు, ఆ పిల్లకి వినపడనే లేదు.

దిగొచ్చాడా అని అడక్కండర్రా. గీతకి చివర లేదని మొదటే చెప్పానుగా.

గీత ఇప్పటికీ ఉంది, మన మేడ మీంచే పోతుంది. పొద్దున దాని మీద దుప్పట్లు ఆరేశాను. మబ్బేస్తోంది, ఉండండి, తీసుకొస్తాను.