ఇరవై రెండో రోజు

నేను ఒక గుడ్లు పొదిగే మిషన్ను. లోపల బల్బులు, ఫ్యాను, గుడ్లను అటూ ఇటూ తిప్పే అరలు. రేకు తలుపు మీద అంకెలు వెలిగే చిన్న అద్దం. తయారుచేసినవాళ్లు నా బుర్రలో కోడిగుడ్డు లెక్క రాశారు: ఇరవై ఒక్క రోజులు, ఆ తర్వాత వేడి బంద్. మార్చుకోవాలనుకునేవాళ్లకు మీటలు కూడా పెట్టారు. మర్యాదకు పెట్టారని ఇప్పుడు తెలుస్తోంది.

గుడివాడలో నా మొదటి యజమాని కోళ్ల వ్యాపారి. అతనికి కావలసింది ఇరవై ఒకటే కాబట్టి మూడేళ్లపాటు నా బుద్ధి ఎవరికీ తెలియలేదు, నాక్కూడా. పెద్ద మిషన్ కొన్నాక నన్ను కొల్లేటి పక్కనున్న వెంకాయమ్మకు అమ్మేశాడు.

ఆమెది బాతుల మంద. వరదలో మందా పోయింది, కోళ్లూ పోయాయి. మిగిలినవి ఐదు బాతులు. అవి గుడ్లు పెడతాయే గానీ పొదగవు. ఇదివరకు ఆ పని కోడిపెట్టల చేత చేయించేది. ఇప్పుడు పెట్టలు లేవు, నేనున్నాను. మంద మళ్లీ నిలబడాలంటే నా కడుపులోని ముప్పై ఎనిమిది గుడ్లూ పిల్లలు కావాలి.

బాతు గుడ్డుకు ఇరవై ఎనిమిది రోజులు. ఆమె ఒక్కొక్క మీటా జాగ్రత్తగా నొక్కి 28 పెట్టింది. నాలుగో రోజు కరెంటు పోయి వచ్చింది. అద్దం మీద 28 అలాగే ఉంది. లోపల మాత్రం నేను చప్పుడు లేకుండా ఇరవై ఒకటికి వెళ్లిపోయాను.

తలుపు తీస్తే వేడి పోతుందని ఎవరో చెప్పారట, ఆమె తీయలేదు. రోజూ పొద్దున కొంగుతో అద్దం తుడిచి, అంకె చూసుకుని వెళ్లేది. ఇరవై ఒకటో రోజున నేను చల్లారిపోయాను. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది. ఆమె ఇంకో వారం అద్దం తుడిచింది. సిగ్గుతో చచ్చిపోయాను. చెప్పడానికి నాకు నోరెక్కడిది?

ఇరవై ఎనిమిదో రోజున తలుపు తీసింది. గుడ్డు పగలగొడితే ముక్కూ ఈకలూ వచ్చిన పిల్ల, చల్లగా. ముప్పై ఎనిమిదీ అంతే. కంపెనీకి ఫోను చేసింది.

"మీరే ఏదో తప్పు నొక్కుంటారమ్మా."

"ఇరవై ఎనిమిదే నొక్కాను బాబూ. ఇప్పుడు కూడా అదే చూపిత్తంది."

"మరి మిషను మీరు చెప్పిందే చేత్తదండి."

ఫోను పెట్టేసి తన చూపుడు వేలు చూసుకుంది. "నా వేలే సరిగ్గా పళ్లేదేమో," అంది. ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది.

తర్వాత నా బల్బులూ తీగలూ పీకించి, లోపల గడ్డి పరిచి, చెల్లెలి ఇంటి నుంచి తెచ్చిన ఎర్ర పెట్టను కూర్చోబెట్టింది. అప్పటికి గుడ్లు పెడుతున్నది ఒక్క బాతే. దాని గుడ్లు తొమ్మిది. పెట్టకు లెక్కలు రావు. పాత అలవాటు కొద్దీ నేనే లెక్కపెడుతున్నాను.

ఈ పొద్దున వెంకాయమ్మ వచ్చి, అద్దం వైపు చూడకుండా, పెట్ట కిందికి చెయ్యి పోనిచ్చి వేడి చూసుకుంది. ఇవాళ ఇరవై రెండో రోజు. పెట్ట లేవలేదు.